ఇల్లు తగలబడుతుంటే బొమ్మలా?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలు తన పేరు వేయవద్దని కోరారు. వయసు 41. పిల్లల పుస్తకాలకు 14 ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్నారు. మొదటి రెండేళ్ళూ ఒక కార్యాలయంలో లెక్కలు చూసే ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు బొమ్మలు వేశారు; పాప పుట్టాక ఉద్యోగం మానేసి పూర్తిగా కుంచెనే నమ్ముకున్నారు. ఎనిమిది నెలల కిందట ఆమె భర్తను, ఆయనతో పాటు మరికొందరిని, వాళ్ళు పనిచేస్తున్న సంస్థ తొలగించింది. ఆయన ఇంకా ఉద్యోగం వెతుక్కుంటూనే ఉన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏళ్ళ తరబడి ఆమెకు పని ఇస్తున్న ముగ్గురు ప్రచురణకర్తలలో ఇద్దరు, ఇకపై బొమ్మలు కంప్యూటరు చేతనే గీయించుకుంటామని మర్యాదగా తెలియజేశారు. దాచుకున్న డబ్బు మరో పది నెలలకు సరిపోతుందని ఆమె లెక్క.

ఇంట్లో అందరూ కూర్చున్నప్పుడు బావగారు, "ఇల్లు తగలబడుతుంటే బొమ్మలు వేసుకుంటూ కూర్చుంటారా ఎవరైనా?" అన్నారట. భర్త ఆ మాటను ఖండించలేదు, సమర్థించనూ లేదు. మాటకంటే ఆ మౌనమే తనకు ఎక్కువగా తగిలిందని ఆమె రాశారు. అదీగాక రాత్రిపూట ఫోనులో యుద్ధ వార్తలు చూస్తూ, శిథిలాల కింద పిల్లలుంటే తాను కుందేలుకు చెవులు గీస్తూ కూర్చోవడం సిగ్గుచేటు అనిపించిందట. ఏడు నెలలుగా ఆమె ఒక్క గీత కూడా గీయలేదు. తాను సొంతంగా రాసి, బొమ్మలు వేసుకుంటున్న 32 పుటల పుస్తకంలో 19 పుటలు పూర్తయి, మిగిలిన 13 అలాగే అలమార పైన ఫైలులో ఉన్నాయి. ఇప్పుడు ఒక స్నేహితురాలి ద్వారా పూర్తికాలపు ఉద్యోగం వచ్చింది. మూడు వారాల్లో అవునో కాదో చెప్పాలి. ఇదంతా గమనిస్తున్న పన్నెండేళ్ళ కూతురు మొన్న వచ్చి, "నేను కూడా బొమ్మలు మానెయ్యాలా అమ్మా?" అని అడిగిందట. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకే ఈ ఉత్తరం రాశానంటూ, చివర ఇలా ముగించారు: "ఇలాంటి కాలంలో కళకు చోటుందా? ఉన్నా, నా కుందేళ్ళకు ఉందా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివర మీరు అడిగింది కళ గురించే అయినా, లోపల మూడు వేర్వేరు చిక్కులు ఒకే ముడిగా పడిపోయి ఉన్నాయి. ఇంటి ఖర్చు ఎలా గడవాలన్నది ఒకటి. నలుగురూ బాధపడుతున్నప్పుడు బొమ్మ వేయడం తప్పా అన్నది రెండోది. చెయ్యి కదలడం లేదన్నది మూడోది. ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు కోసం చూస్తున్నారు కనుకనే ఏ జవాబూ సరిపోవడం లేదు. ఉద్యోగంలో చేరితే కళకు ద్రోహం చేసినట్టు, చేరకపోతే ఇంటికి ద్రోహం చేసినట్టు అనిపించడం ఆ కలగాపులగం వల్లే. ఒక్కొక్క పోగూ విడదీసి చూద్దాం.

ముందు బావగారి మాట. ఆయన అన్నది నిష్ఠురంగా ఉంది, నలుగురిలో అనడం ఇంకా తప్పు. కానీ కొట్టిపారేయకుండా ఆ పోలికను ఒకసారి పరిశీలిస్తే, అది ఎక్కడ తప్పిందో కనబడుతుంది. ఇల్లు నిజంగా తగలబడుతుంటే ఎవరూ బొమ్మలు వేయరు, మీరూ వేయరు, బిందె అందుకుంటారు. అయితే మంట కొన్ని గంటల వ్యవహారం. ఆ కొన్ని గంటలు తిండి, నిద్ర, చదువు, పాట అన్నీ ఆపేయవచ్చు, ఆపేయాలి కూడా. మీ ఇంట్లో ఉన్నది మంట కాదు. ఎప్పుడు తీరుతుందో తెలియని ఒక కొరత. అది ఏడాది ఉండవచ్చు, మూడేళ్ళు ఉండవచ్చు. ఇది తీరాక మరొకటి రావచ్చు. దాన్ని మంటగా భావించి, అది ఆరేదాకా మిగతా జీవితమంతా ఆపేద్దామనుకుంటే, ఆపినవి తిరిగి మొదలుపెట్టే రోజు రాదు. మీ పాప ఇంకో ఆరేళ్ళలో ఇల్లు దాటి వెళ్ళే వయసుకు వస్తుంది. ఆమె బాల్యం మీ పరిస్థితి చక్కబడేదాకా ఆగదు కదా.

అయినా బావగారి మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని కళను ప్రేమించేవాళ్ళు తరచూ దాటేస్తారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడి సంగతి మీరు వినే ఉంటారు. 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా ఆ రష్యన్ నగరాన్ని జర్మన్ సైన్యం దిగ్బంధించింది, లక్షలమంది ఆకలితో చనిపోయారు. ఆ మధ్యలో, 1942 ఆగస్టు 9న, రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ ఏడో సింఫనీని, అంటే పెద్ద వాద్యబృందం కోసం రాసిన సంగీతాన్ని, ఆ నగరంలోనే వాయించి, లౌడ్‌స్పీకర్ల ద్వారా ఊరంతటికీ వినిపించారు. ఆకలి మీద కళ సాధించిన విజయంగా ఈ సంఘటనను ఉపన్యాసాలలో చెబుతుంటారు. అంతగా చెప్పనిది ఇంకొకటుంది. వాద్యకారులను నడిపించిన కార్ల్ ఎలియాస్‌బర్గ్ మొదటి సాధనకు పిలిచినప్పుడు రేడియో వాద్యబృందంలో వాయించగల స్థితిలో వచ్చినవారు పదిహేను మంది వరకే. గాలి వాద్యాలు ఊదడానికి ఊపిరి లేదు. సైన్యంలో ఉన్న వాద్యకారులను రప్పించాల్సి వచ్చింది. అన్నిటికంటే ముందు వాళ్ళకు అదనపు రేషను ఇచ్చారు. తిండి ముందు, సంగీతం తరువాత. ఆ వరస వల్ల సంగీతం చిన్నబోలేదు. ఆ వరస లేకపోతే సంగీతమే ఉండేది కాదు.

కాబట్టి మీ ఇంట్లో కూడా మొదట డబ్బు గురించి మాట్లాడుకోవడంలో అవమానం ఏమీ లేదు. పది నెలలకు సరిపడా ఉందని మీరు రాశారు. అది మీ ఒక్కరి అంచనానా, ఇద్దరూ కూర్చుని లెక్క వేసిందా? ఉత్తరాన్ని బట్టి మీ అంచనాలాగే ఉంది. మీరు లెక్కలు చూసిన మనిషి. ఒక కాగితం మీద వచ్చేది, పోయేది, తగ్గించగలిగేది, తగ్గించలేనిది రాసి మీవారి ముందు పెట్టండి. ఆయన ఆ రోజు మౌనంగా ఉండటానికి కారణం మీ కళ మీద నమ్మకం పోవడమేనని మీరు తేల్చేసుకున్నట్టున్నారు. ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైన మనిషి, అన్నగారి ముందు, ఇంటి ఆదాయం గురించిన చర్చలో ఏ పక్షాన మాట్లాడినా అది తన వైఫల్యాన్నే ఎత్తి చూపుతుందని నోరు మూసుకొని ఉండవచ్చు. నేను చెప్పింది ఊహే. మీరనుకుంటున్నదీ ఊహే. అడిగి తెలుసుకునే వీలు మీకుంది.

ఇక రెండో చిక్కు, సిగ్గు. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు సమస్య తీరినా ఇది తీరదు.

కష్టకాలంలో కళ ఏం చేయదో ముందు ఒప్పుకుందాం. 1943లో బెంగాల్ కరువు వచ్చినప్పుడు జైనుల్ ఆబెదీన్ కలకత్తా వీధులలో పడి ఉన్న మనుషులను సిరాతో, కుంచెతో గీశాడు. అప్పుడాయనకు ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. మంచి కాగితం దొరక్క, వస్తువులు చుట్టే చవక కాగితం మీద గీశాడు. ఆ బొమ్మలు చూస్తే ఈనాటికీ గొంతు ఆరిపోతుంది. కానీ ఆయన గీసిన మనిషికి ఆ పూట ఆ బొమ్మ వల్ల కడుపు నిండలేదు. అది చేయగలిగింది మరొకటి. లక్షల సంఖ్యలో కలిసిపోయి చనిపోయినవారిలో కొందరిని, ఒక్కొక్కరుగా, వంగిన వెన్నుతో, చాచిన చేతితో మన ముందు నిలబెట్టింది. లెక్కల పుస్తకంలో అంకెగా మారిపోయే మనిషి మనిషిగా మిగలడానికి అలా ఎవరో ఒకరు ఆగి చూడాలి. అన్నట్టు, ఆ రోజుల్లో ఆయన కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో నేర్పే ఉద్యోగంలో ఉన్నాడు. జీతం వచ్చే మనిషి. ఇది గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

"అది సాక్ష్యం చెప్పే కళ, నావి కుందేళ్ళు" అని మీరంటారు. సరే, కుందేళ్ళ దగ్గరికే వద్దాం. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు యూదులను బంధించిన టెరెజీన్ అనే చోట ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు రహస్యంగానూ, బహిరంగంగానూ బొమ్మలు నేర్పింది. కాగితం లేక, వాడేసిన కార్యాలయ ఫారాల వెనక వైపు గీయించింది. మన కళ్ళతో చూస్తే, అక్కడి పిల్లలు ముళ్ళకంచెలనూ శవాల బండ్లనూ మాత్రమే గీసి ఉండాలి. అవీ గీశారు. కానీ వాళ్ళు గీసినవాటిలో పూలున్నాయి, ఇళ్ళున్నాయి, సీతాకోకచిలుకలున్నాయి. ఇది కాదు, మీ చుట్టూ ఉన్నది గీయండి అని ఆమె వాళ్ళను మందలించలేదు. ప్రతి బొమ్మ మీదా మీ పేరు రాయండి అని మాత్రం పట్టుబట్టింది. 1944 శరత్కాలంలో ఆమెను నాజీల మరణశిబిరమైన ఆష్విట్జ్‌కు తరలించారు, అక్కడ చంపేశారు. వెళ్ళేముందు ఆమె రెండు పెట్టెలలో దాచిన దాదాపు 4,500 బొమ్మలు ఈనాడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లలలో ఎక్కువమంది బతకలేదు.

మీ కష్టాన్ని ఆ కష్టంతో పోల్చడానికి ఇది చెప్పలేదు. సీతాకోకచిలుకను గీసే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్నకు, అందరికంటే ఎక్కువ కోల్పోయిన పిల్లలు ఇచ్చిన జవాబు ఇది అని చెప్పడానికే. శిథిలాల పక్కన ఉన్న పిల్లవాడికి ఈ రాత్రి కావలసినవి నీళ్ళు, మందు, కప్పు. అవి అందాక, మరునాడో మరుసటి నెలో, వాడి ఒళ్ళో ఎవరైనా ఒక బొమ్మల పుస్తకం పెడితే, అందులో మళ్ళీ శిథిలాలే ఉండాలని వాడు కోరుకోడు. కుందేలును కోరుకుంటాడు. చెవులు సరిగ్గా ఉన్న కుందేలును.

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెప్పాలి. ఈ ఏడు నెలలు మీరు బొమ్మ వేయకపోవడం వల్ల ఆ పిల్లలలో ఎవరికీ ఒరిగిందేమీ లేదు. మీరు చెల్లిస్తున్న ఈ జరిమానా ఎవరి ఖాతాలోనూ జమ కావడం లేదు. వారికి ఏమైనా చేయాలనిపిస్తే, మీ స్తోమతకు తగ్గట్టు నమ్మకమైన సహాయ సంస్థకు చిన్న మొత్తమే పంపండి, లేదా మీకు దగ్గరలో నిలువనీడ కోల్పోయి వచ్చినవాళ్ళుంటే వాళ్ళ పిల్లలతో వారానికి ఒక గంట కూర్చోండి. ఆ అప్పు అలా తీరుతుంది, కుంచె కింద పెట్టడం వల్ల తీరదు. రాత్రి పడుకునేముందు వార్తలు చూసే అలవాటును పగటిపూట ఒక నియమిత సమయానికి మార్చుకోండి. ప్రపంచం సంగతి తెలుసుకోవడం వేరు, నిద్రకు ముందు గంటన్నర దానిలో మునిగిపోవడం వేరు.

మూడో చిక్కు, కదలని చెయ్యి. దీన్ని మీరు మీ కళ చచ్చిపోయిందనడానికి రుజువుగా తీసుకుంటున్నారు. నేను అలా తీసుకోను. జర్మన్ కళాకారిణి కేథె కోల్విట్జ్ చిన్న కొడుకు పీటర్ 1914 అక్టోబరులో, యుద్ధానికి వెళ్ళిన కొద్ది రోజులకే చనిపోయాడు. ఇంకా వయసు చాలని ఆ కుర్రవాడు సైన్యంలో చేరతానన్నప్పుడు, వద్దన్న భర్తను ఒప్పించింది ఆమే. ఆ ఏడాదే కొడుకు స్మారకంగా ఒక శిల్పం మొదలుపెట్టింది. సాగలేదు. కొన్నేళ్ళకు పక్కన పెట్టేసింది. ఆ మధ్యలో వేరే పనులు చేసింది, మళ్ళీ దాని దగ్గరికి వచ్చింది. మోకాళ్ళ మీద కూర్చున్న తల్లీ తండ్రీ విగ్రహాలు చివరకు బెల్జియంలోని శ్మశానవాటికలో నిలబడింది 1932లో. పద్దెనిమిదేళ్ళు. ఏడు నెలల విరామం చూసి మీరు తీర్పు రాసేస్తున్నారు.

అలాగని ఓపిక పట్టండి అని చెప్పి ఊరుకోను. నిద్ర సరిగా పట్టకపోవడం, ఆకలి మందగించడం, బొమ్మలే కాదు దేని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారడమే భారంగా ఉండటం వంటివి కూడా ఉన్నట్టయితే, మీరు వాటి ప్రస్తావన తేకపోయినా, దయచేసి వైద్యులను కలవండి. కుంగుబాటు ఒక జబ్బు. దాన్ని కళాకారుల సహజ లక్షణంగా భావించి భరించనక్కరలేదు. అవేవీ లేక బొమ్మ దగ్గర మాత్రమే చెయ్యి ఆగిపోతోందంటే, నా అనుమానం వేరే చోట ఉంది. మీరు కాగితం ముందు కూర్చున్న ప్రతిసారీ మీతో పాటు బావగారు, ఇద్దరు ప్రచురణకర్తలు, యుద్ధం, పది నెలల లెక్క వచ్చి చుట్టూ కూర్చుంటున్నారు. ఇంతమంది కళ్ళముందు ఎవరికి గీత సాగుతుంది?

2016లో అమెరికాలో గిరిజా కైమల్ బృందం ఒక చిన్న అధ్యయనం ప్రచురించింది. 39 మంది పెద్దవాళ్ళను 45 నిమిషాలు తోచిన బొమ్మలు చేసుకోనిచ్చి, ముందూ తరువాతా లాలాజలంలో ఒత్తిడికి సంబంధించిన హార్మోను కార్టిసాల్‌ను కొలిస్తే, ముప్పావు వంతు మందిలో తగ్గింది. అంతకుముందు కళతో పరిచయం ఉన్నవారికీ లేనివారికీ తేడా పెద్దగా కనబడలేదు. పరిమితమైన ప్రయోగమే, పోల్చి చూడటానికి మరో బృందం లేదు, దీని మీద మేడలు కట్టనక్కరలేదు. నాకు ఇందులో నచ్చింది, కళతో పరిచయం ఉన్నా లేకపోయినా తేడా పెద్దగా లేదన్న అంశం. అక్కడ ఎవరూ ఆ బొమ్మలకు మార్కులు వేయలేదు. మీకు ఇప్పుడు కావలసింది అలాంటి బొమ్మే: పుస్తకానికి కానిది, ఎవరికీ చూపనిది, పెన్సిలుతో కరెంటు బిల్లు వెనక వేసేది. అలమార మీది ఫైలు జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ఇప్పుడు మూడు వారాల గడువు సంగతి. మీ ముందు దారులు కనీసం నాలుగున్నాయని నాకనిపిస్తోంది, మీరు రెండే రాశారు.

ఉద్యోగంలో చేరడం మొదటిది. ఇంటి మీది ఒత్తిడి వెంటనే తగ్గుతుంది, మీవారికి తొందరపడి దొరికిందల్లా ఒప్పుకోవలసిన అగత్యం తప్పుతుంది, మీ బొమ్మ మీద ఇంటి ఖర్చు భారం పడదు. ఈ చివరిదాన్ని తక్కువగా చూడకండి. రచయిత కాఫ్కా 1908 నుంచి 1922లో అనారోగ్యంతో విరమించేదాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం చేస్తూ రాత్రిళ్ళు రాశాడు. అయితే ఆయన దాన్ని ఆనందంగా భరించాడని అబద్ధం చెప్పను. జీవితమంతా సణుగుతూనే ఉన్నాడు. పైగా ఆయన కార్యాలయం మధ్యాహ్నం రెండింటికి ముగిసేది. మీది ఎన్నింటికి ముగుస్తుందో మీరు రాయలేదు. సాయంత్రం ఏడింటికి ఇంటికి వచ్చే మనిషికి రంగులు కలుపుకునే ఓపిక వారంలో అయిదు రోజులూ ఉంటుందనుకోవడం భ్రమ. చేరితే ప్రచురణకర్తల గడువులకు పనిచేయడం దాదాపు కుదరదు, వాళ్ళతో పరిచయం పలచబడుతుంది, అది తిరిగి చిక్కబడటానికి సమయం పడుతుంది. ఇది నిజమైన నష్టం. కానీ ఒక విషయం మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే మర్చిపోయారు: మొదటి రెండేళ్ళూ మీరు ఇలాగే పనిచేశారు. ఆ రెండేళ్ళ బొమ్మలు చూసే ఆ ప్రచురణకర్తలు మీకు పని ఇచ్చి ఉంటారు.

ఉద్యోగం వద్దనుకుని బొమ్మల మీదే నిలబడటం రెండోది. దీన్ని తెలివితక్కువ దారి అనను. మిగిలిన ఒక ప్రచురణకర్త ఉన్నారు, సొంత పుస్తకం సగానికి పైగా పూర్తయి ఉంది. కాకపోతే దీనికి ఒక తేదీ ఉండాలి. "అయిదు నెలలు చూస్తాను, అప్పటికి ఇంత ఆదాయం లేకపోతే ఉద్యోగం వెతుక్కుంటాను" అని మీ ఇద్దరూ ముందే అనుకుని రాసుకోవాలి. తేదీ లేకుండా సాగితే మీరు వేసే ప్రతి గీతా ఇంటి అద్దెకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. చెయ్యి ఇప్పటికే ఆగిపోయి ఉన్నప్పుడు ఈ దారి మరింత కష్టం అని నా అభిప్రాయం.

ఇక్కడ యంత్రాల గురించి చెప్పకపోతే మాట పూర్తికాదు. 1839లో ఫొటో తీసే విధానం బయటపడినప్పుడు, చిన్న సైజు ముఖచిత్రాలు గీసి బతికే కళాకారుల పని రెండు మూడు దశాబ్దాలలోనే చాలావరకు పోయింది. కొందరు తామే కెమెరా పట్టారు. కొందరు ఫొటోలకు రంగులు అద్దే పనిలో చేరారు. నాకొక చిరాకు ఉంది, దాచను. ఈ కథను "చూశారా, చిత్రకళ చావలేదు కదా" అని ధైర్యం చెప్పడానికి వాడతారు. చిత్రకళ చావలేదు, నిజమే. ఆ చిత్రకారుడి ఇంట్లో ఆ నెల ఏం జరిగిందన్నది వేరే ప్రశ్న. మీరు ఇద్దరు ప్రచురణకర్తలను కోల్పోవడం మీ ప్రతిభకు తీర్పు కాదు, కానీ పోయిన పని అదే రూపంలో తిరిగి వస్తుందన్న ఆశ మీద ఇల్లు నడపకండి. యంత్రం చవగ్గా చేయలేని చోటు ఎక్కడుందో చూడాలి: రచయితతో కూర్చుని పాత్రను మొదటి పుట నుంచి చివరి పుట దాకా ఒకే ప్రాణంతో పెంచడం, పిల్లల ఎదుట గీసి చూపడం, సొంత కథకు సొంత బొమ్మ. పనిలో పనిగా, ఆ ఇద్దరు ప్రచురణకర్తలతో మీ పాత ఒప్పందాలు తీసి చదవండి. మీరు ఇప్పటికే వేసి ఇచ్చిన బొమ్మలను యంత్రానికి నేర్పడానికి వాడుకునే హక్కు వాళ్ళకు రాసిచ్చారా లేదా అన్నది మీకు తెలిసి ఉండాలి. కొత్త ఒప్పందాలలో ఆ విషయం స్పష్టంగా రాయించుకోండి.

దీన్నుంచే మూడో దారి వస్తుంది. మీకు వచ్చిన ఉద్యోగాన్ని సగం రోజుకో, వారానికి నాలుగు రోజులకో మార్చుకోవడానికి వీలుందా అని ఎవరైనా అడిగారా? అడిగితే పోయేదేమీ లేదు, కాదంటారు, అంతే. అవునంటే మిగిలిన సమయంలో పిల్లలకు బొమ్మలు నేర్పడం మొదలుపెట్టవచ్చు. ఆబెదీన్ జీతం సంగతి గుర్తుందా? నేర్పే పని చేస్తూ కళను కాపాడుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. దీనికీ ఒక మూల్యం ఉంది: రెండు అరలుగా చీలిన వారంలో ఏ పనీ పూర్తిగా చేసిన తృప్తి ఉండదు, నేర్పడం అనేది గీసే శక్తిలో కొంత తాగేస్తుంది. ఆదాయం కూడా పూర్తికాలపు ఉద్యోగానికి సరితూగదు.

నాలుగోది, కొంతకాలం బొమ్మలు పూర్తిగా ఆపడం. ఉలిక్కిపడకండి. మీరు ఇప్పటికే ఆపేశారు; తేడా ఏమిటంటే, ఇప్పుడు ఆగిపోయింది సిగ్గు వల్ల. అలా కాక, "ఈ ఆరు నెలలు ఇల్లు నిలబెట్టుకుంటాను, ఫలానా నెలలో ఫైలు కిందికి దించుతాను" అని మీరే నిర్ణయించుకుని ఆపితే, అది సెలవు అవుతుంది. సెలవులో ఉన్నవాళ్ళు రోజూ తమను తాము తిట్టుకోరు. ప్రమాదం కూడా లేకపోలేదు: ఆ నెల వచ్చినప్పుడు మరో కారణం సిద్ధంగా ఉంటుంది. ఈ దారి పట్టేవాళ్ళు ఆ తేదీని ఇంకొకరికి చెప్పి ఉంచాలి.

ఏది ఎంచుకోవాలో చెప్పమని మీరు అడగలేదు, నేనూ ఆజ్ఞాపించను. నా మొగ్గు ఎటో దాచడం మాత్రం నిజాయితీ కాదు. మీ ఉత్తరంలో నాకు వినిపించిన మనిషి, ఇంటి ఖర్చు గురించిన భయం తగ్గితే తప్ప గీయలేని మనిషి. అందువల్ల మూడో దారి కోసం ముందు గట్టిగా అడగండి, కుదరకపోతే మొదటిదాన్ని ఒక షరతుతో, అంటే వారంలో ఒక నిర్ణీత పూట మీదేనని మీవారితో ముందే ఒప్పందం చేసుకుని, తీసుకోండి అనిపిస్తోంది. రెండోది ఎంచుకుంటే మీరు నిలబడలేరని కాదు. మీకు నన్ను మించి మీ సంగతి తెలుసు. ఒత్తిడిలోనే బాగా పనిచేసిన రోజులు మీ గతంలో ఉంటే నా మొగ్గును పక్కన పెట్టేయండి.

బావగారికి జవాబు చెప్పాలా అని కూడా ఒకచోట అడిగారు. అవసరం లేదు. చెప్పాలనిపిస్తే, వాదన వద్దు, లెక్క చెప్పండి: "ఫలానా తేదీ నుంచి ఇలా చేస్తున్నాం" అని, మీవారి నోటితో చెప్పించగలిగితే ఇంకా మంచిది.

పాప ప్రశ్న మిగిలింది. మూడు వారాల గడువు దానికి వర్తించదు, దానికి ఈరోజే జవాబు చెప్పాలి. "వద్దమ్మా, నువ్వు మానొద్దు" అని ఒక్క ముక్కలో చెబితే ఆమె నమ్మదు, ఎందుకంటే మీరు మానేయడం ఆమె కళ్ళారా చూస్తోంది. పన్నెండేళ్ళ పిల్లకు నిజం చెప్పవచ్చు: నాన్న ఉద్యోగం పోయింది, నాకు పని తగ్గింది, నాకు భయం వేసింది, భయం వేసినప్పుడు నాకు చెయ్యి కదలలేదు, దీనికీ బొమ్మలు మంచివా చెడ్డవా అన్నదానికీ సంబంధం లేదు. ఆ తరువాత ఏ ఉపన్యాసమూ అక్కరలేదు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోండి. ఆమె ఏం గీస్తుందో ఆమెనే గీయనివ్వండి, దిద్దకండి. మీరు ఆ కరెంటు బిల్లు వెనక ఏదో ఒకటి గీయండి, వంకరగా వచ్చినా సరే. పూర్తయ్యాక ఇద్దరూ కింద పేర్లు రాయండి. ఉద్యోగం విషయంలో ఏం నిర్ణయించుకున్నారో వీలైనప్పుడు నాకు రాయండి, ఆ ఫైలులోని ఇరవయ్యో పుటలో ఏం జరగాల్సి ఉందో కూడా.